అధ్యక్షుల వారికి ఫోనొచ్చింది

“పాత నీరు పోవాలి! కొత్త నీరు రావాలి! నిలవ నీట్లో దోమలు పుడతాయి గానీ జ్ఞానం పుట్టదు!”

అని పెద్దసారు బల్ల గుద్ది ప్రకటించారు. ఆ గుద్దుకి బల్ల మీది మంచినీళ్ల గ్లాసు ఎగిరి కార్యదర్శి ఒళ్లో పడింది. కొత్త నీరు రావడమనేది ఆ విధంగా అప్పటికప్పుడే అమల్లోకి వచ్చేసింది.

పెద్దసారంటే ఏటా జరిగే కంప్యూటరు మహాసభకి అధ్యక్షులు. ఎక్కడెక్కడి పరిశోధకులో తాము కనిపెట్టినదాన్ని పేపరుగా రాసి ఈ సభకి పంపుతారు. వాటిని చదివి, ఇది సరుకు, ఇది చెత్త అని తేల్చడానికి సమీక్షకుల కమిటీ ఒకటుంది. కమిటీ ఔనంటే ఉద్యోగం లేనివాడికి ఉద్యోగం వస్తుంది, ఉన్నవాడికి కిటికీ ఉన్న గది వస్తుంది. కాదంటే మళ్లీ ఏడాది దాకా తోటివాళ్లకి మొహం చాటేసుకు తిరగాలి. “వీళ్లు సమీక్షకులు కారు బాబోయ్, సమ శిక్షకులు! అందరికీ సమానంగా శిక్షే!” అని దెబ్బతిన్నవాళ్లు వాపోయేవారు గానీ, అది నిజం కాదు. శిక్ష అందరికీ సమానంగా పడేది కాదు. గొడవంతా అక్కడే వచ్చింది.

కమిటీలో ఉన్నవాళ్లంతా పెద్దసారు శిష్యులు. కానివాళ్లు శిష్యుల శిష్యులు. అందరిదీ ఒకే బడి, ఒకే పలుకుబడి. ఒకాయన దగ్గితే పక్కాయన గొంతు సవరించుకునేవాడు. పెద్దసారు జోకు వేస్తే ఎక్కడ నవ్వాలో, ఆ నవ్వు ఎక్కడ ఆపాలో కూడా అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి ఆ కుర్చీల్లో ఆ మనుషులే కూర్చోవడంతో కుర్చీలు సైతం ఎవరివి వాళ్ల ఆకారంలోకి మారిపోయాయి. చూసి చూసి విసిగిన పై సంస్థ వాళ్లు, “కమిటీలో రకరకాల మనుషులుండాలి, ఏటా కొందరు మారాలి. లేకపోతే మీ సభకి మా పేరు వాడుకోనివ్వం” అని కబురు పెట్టారు. అదీ ఈ బల్ల గుద్దుడికి మూలం.

పాత సభ్యులంతా ఆ రోజే మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఆ దృశ్యం కళ్లారా చూసి తీరాలి! పెద్దసారుకి మొట్టమొదటి శిష్యుడైన గడ్డం ప్రొఫెసరు, “విజ్ఞానం కోసం కుర్చీ ఏం ఖర్మ, ప్రాణమైనా వదిలేస్తాను!” అని గద్గద స్వరంతో అన్నాడు. అన్నాడే గానీ కుర్చీలోంచి లేవలేదు. లేవాల్సిన అవసరం రాలేదు మరి! పెద్దసారు ఆ మరుక్షణమే ‘వైవిధ్య పరిరక్షణ ఉపసంఘం’ అని ఒకటి ఏర్పాటు చేశారు. వైవిధ్యాన్ని పరిరక్షించాలంటే అనుభవం కావాలి. అనుభవం ఎవరికుంటుంది? రాజీనామా చేసినవాళ్లకి! ఉపసంఘంలో ఉన్నవాళ్లు పదవి రీత్యా కమిటీలోనూ ఉండి తీరాలి కదా! ఆ రకంగా వాళ్లంతా కూర్చున్నచోటి నుంచి కదలకుండా వెళ్లిపోయి, కదలకుండానే తిరిగొచ్చేశారు.

“అయినా ఒక్కరైనా నిజంగా కొత్తవాళ్లు లేకపోతే బావుండదేమో సార్” అన్నాడు కార్యదర్శి, తడిసిన చొక్కా అంచు పిండుకుంటూ.

“ఒక్కరితో సరిపోతుందా? ఆడవాళ్లు కావాలట, చిన్న కాలేజీ వాళ్లు కావాలట, మన దగ్గర చదవనివాళ్లు కావాలట. అంతమందిని ఎక్కడ కూర్చోబెడతామయ్యా?”

“అన్నీ ఒక్కరే అయితేనో?”

పెద్దసారు కార్యదర్శి వంక చూసిన చూపులో, ఆ క్షణాన, కన్నతండ్రి వాత్సల్యం కనిపించింది.

అలా దొరికింది కొత్తమ్మ.

ఊరి చివర చిన్న కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మేడం ఆవిడ. కమిటీలో అందరూ కొత్తమ్మ గారూ అనే పిలిచారు కాబట్టి మనమూ అలాగే అందాం. ఆవిడ కూడా ఏటా మహాసభకి పేపరు పంపేది. అది గోడకి కొట్టిన బంతిలా తిరిగొచ్చేది. ఒకే పేపరు మీద “ఇందులో కొత్తదనం లేదు” అని ఒక సమీక్షకుడు, “మరీ ఇంత కొత్తగా ఉంటే ఎలా?” అని ఇంకొకడు రాసేవారు. అలాంటిది కార్యదర్శి స్వయంగా ఫోన్ చేసి “మీ వంటి విభిన్న స్వరం మాకు అత్యవసరం” అనేసరికి కొత్తమ్మకి కాళ్లు నేల మీద ఆనలేదు. కాలేజీ ప్రిన్సిపాలు గేటుకి అభినందనల బ్యానరు కట్టించాడు. గుర్తింపు కార్డులోని ఫొటోనే పెద్దది చేయించి దాని మీద వేయించడంతో అందులో ఆవిడ, ‘కనబడుట లేదు’ ప్రకటనలోని మనిషిలా ఉంది. అయినా సంతోషమే.

ఇంట్లో భర్త మాత్రం పెదవి విరిచాడు. ఆయన పళ్ల డాక్టరు. “నేను పొద్దస్తమానం జనం నోళ్లు తెరిపిస్తాను. అక్కడ వాళ్లు నీ నోరు మూయిస్తారు, చూస్తూ ఉండు.”

“మీరు ప్రతివాళ్లలోనూ పుప్పి పన్నే వెతుకుతారు” అంది కొత్తమ్మ.

అత్తగారికి కాస్త చెముడు. “ఏమిటే, ఏదో కమిటీ అంటున్నారు?” అని దగ్గరికి జరిగింది.

“వైవిధ్యం కోసం నన్ను తీసుకున్నారు అత్తయ్యా!”

“వైద్యమా? ఎవరికే? వాళ్లకేం రోగమొచ్చింది?”

“అదేంటో చూసి రావడానికే వెళ్తోందమ్మా” అన్నాడు కొడుకు.

కొత్తమ్మ మాత్రం తనకి వచ్చిన పేపర్లన్నీ అక్షరం వదలకుండా చదివింది. అన్నం కలుపుతూ చదివింది, బస్సులో నిలబడి చదివింది. తన పేపర్లని ఎవరైనా ఎలా చదివితే బావుండునని ఇన్నేళ్లూ అనుకుందో, అచ్చం అలా చదివింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ఆలోచన తన బుర్రలో వెలిగినప్పుడల్లా, “అబ్బ, భలే!” అని పైకే అనేసేది. పక్క సీటువాళ్లు బెదిరిపోయేవారు.

ఇక్కడ ఈ సమీక్ష పద్ధతి గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. పేపరు రాసింది ఎవరో సమీక్షకులకి తెలియకూడదు. పేర్లన్నీ కంప్యూటరులో దాచేసి, నిర్ణయాలయ్యాకే బయటపెడతారు. దీన్ని వాళ్లు ‘గంతల పద్ధతి’ అంటారు. కళ్లకి గంతలు కట్టుకుని న్యాయం చెయ్యడం అన్నమాట! మరి కమిటీలో ఉన్నవాళ్లే పేపరు పంపితేనో? దానికీ నియమం ఉంది. తమ పేపరు చర్చకి వచ్చినప్పుడు ఏదో ఒక మిషతో గది బయటికి వెళ్లాలి. ఎందుకు వెళ్తున్నదీ చెప్పకూడదు.

పెద్దసారు మిష ఎప్పుడూ ఒకటే. ఫోను! జేబులోంచి తీసి చూసి, “ఒక్క నిమిషం” అని లేచేవారు. ఆయన వెనక తలుపు మూసుకోగానే లోపల ఆ పేపరుకి పట్టాభిషేకం జరిగిపోయేది. గంతలు కళ్లకే గానీ చెవులకి కాదు కదా! ఈ కిటుకు కొత్తమ్మకి ఎవరూ చెప్పలేదు. దాచాలని కాదు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరైనా ఎవరికైనా చెబుతారా?

సమావేశం రోజున పై సంస్థ తరఫున ఒక పరిశీలకురాలు వచ్చి తలుపు పక్కన కూర్చుంది. ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని, తేలిన ప్రతి నిర్ణయాన్నీ అప్పటికప్పుడే పైకి పంపేస్తోంది. నవ్వదు, టీ తాగదు. ఆవిడని చూసి అందరూ వెన్ను నిటారుగా పెట్టుకున్నారు.

కాసేపటికి ఒక ఆసుపత్రి పేపరు వచ్చింది. స్కానింగు కోసం బారులు తీరిన రోగుల్లో ఎవరిని ముందు లోపలికి పంపాలో కంప్యూటరు చెప్పే ఉపాయం అది. గడ్డం ప్రొఫెసరు పేజీలు విసురుగా తిప్పాడు.

“ఈ మందులూ మాకులూ మనకెందుకండీ? రాసినవాడికి భాషే రాదు. మన సారు పేరు ఒక్కచోటైనా తలుచుకోలేదు. దీన్ని ఆలోచించకుండా కొట్టిపారేద్దాం...”

సరిగ్గా అప్పుడు పెద్దసారు ఫోను మోగింది. ఆయన చూసి, “ఒక్క నిమిషం” అని గబగబా బయటికి నడిచారు. తలుపు మూసుకుంది.

“...కొట్టిపారేద్దాం అనే మూర్ఖులుంటారు!” అని గడ్డం ప్రొఫెసరు ఊపిరి తిప్పుకోకుండా అందుకున్నాడు. “వాళ్లకి దీని లోతు ఏం తెలుసు? ఆ భాష చూడండి, ఎంత నిరాడంబరం! ఎవరి పేరూ తలుచుకోలేదంటే ఎంత స్వతంత్రం!”

“ఇది పేపరు కాదండీ, పేపరు రూపంలో ఉన్న కరుణ!” అన్నాడు ఒక శిష్యుడు.

“చదువుతుంటే నాకు జ్వరం వచ్చి తగ్గింది!” అన్నాడు ఇంకొక ఉపశిష్యుడు.

“ఉత్తమ పేపరు బహుమతి దీనికి కాక దేనికి?” అన్నాడు కార్యదర్శి.

నిజానికి ఆ ఫోను పెద్దసారు భార్య చేసింది. ఆవిడ తాళంచెవి ఇంట్లో మరిచిపోయి బయటి నుంచి తలుపు లాగేసింది. వరండాలో పెద్దసారు, “పూలకుండీ కింద చూడు. ఆ కుండీ కాదు! ఎండిపోయిన మొక్కది! అన్నీ ఎండిపోయాయంటే నేనేం చెప్పనే!” అని గొంతు తగ్గించి అరుస్తున్నారు. లోపల మాత్రం ఆ పేపరు బహుమతి మెట్లెక్కుతోంది.

కొత్తమ్మ చెయ్యెత్తింది. “ఒక్క మాటండీ. ఆలోచన బంగారంలాంటిది, నాకూ నచ్చింది. కానీ ఒక పొరపాటుంది. కంప్యూటరుకి ఏ రోగుల వివరాలతో నేర్పారో, మళ్లీ ఆ రోగుల మీదే పరీక్ష పెట్టారు. ప్రశ్నపత్రం ముందే చేతికిచ్చి పరీక్ష రాయించినట్టు! నూటికి నూరు రాక ఏమవుతుంది? సరిచేసి మళ్లీ పంపమందాం.”

గడ్డం ప్రొఫెసరు మూసిన తలుపు వైపొకసారి, ఆవిడ వైపొకసారి చూశాడు. “అమ్మా, తప్పులు వెతకడం సులువు. మహనీయుల తప్పుల్లో కూడా సందేశం ఉంటుంది.”

ఓట్లు వేశారు. కొత్తమ్మ తప్ప అందరూ ఔనన్నారు. పరిశీలకురాలి వేళ్లు టకటకలాడాయి. నిర్ణయం పైకి వెళ్లిపోయింది.

పెద్దసారు చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారో లేదో, తర్వాతి పేపరు చర్చకి వచ్చింది. పెద్ద పెద్ద యంత్రాలు చేసే ఒక పనిని చిన్న యంత్రంతో, చిన్న లెక్కతో చెయ్యొచ్చని నిరూపించే పేపరు. పెద్దసారు ఉలిక్కిపడి, మోగని ఫోను జేబులోంచి తీసి, “ఒక్క నిమి...” అని లేచారు.

“కూర్చోండి సార్” అంది పరిశీలకురాలు. “సమావేశంలో అధ్యక్షులు ఒక్కసారే బయటికి వెళ్లాలి. రెండోసారి వెళ్తే సమావేశం రద్దు. అది నియమం.”

“ఎవరు పెట్టారండీ ఇలాంటి నియమం?”

“మీరే.”

పెద్దసారు కూలబడ్డారు. పాపం, ఆయన గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. కారణం చెబితే గంతల పద్ధతికి భంగం. చెప్పకపోతే కూర్చోవాలి. ఇంకొక సంగతి కూడా ఉంది. ఎప్పుడూ ఆయన పేపర్లు రాసిపెట్టే శిష్యులు ఈసారి వైవిధ్య పరిరక్షణలో మునిగిపోయి తీరిక లేదన్నారు. దాంతో ఎన్నో ఏళ్ల తర్వాత పెద్దసారు తన చేత్తో తానే కూర్చుని, కొట్టేసి, తిరగరాసి, రాసుకున్న పేపరది. రాస్తున్నన్నాళ్లూ ఆయన కుర్రాడైపోయారు.

“అధ్యక్షులు గదిలోనే ఉన్నారు కాబట్టి నిర్భయంగా మాట్లాడుకోవచ్చు” అని గడ్డం ప్రొఫెసరు సంతోషంగా చేతులు రుద్దుకున్నాడు. “ఎవడండీ వీడు? ఓనమాలు రానివాడిలా ఉన్నాడు!”

“చిన్న యంత్రమట! బుర్ర చిన్నదైతే యంత్రమూ చిన్నదే దొరుకుతుంది!” అన్నాడు శిష్యుడు. అందరూ నవ్వి, పెద్దసారు నవ్వు ఎక్కడ ఆగుతుందో చూసుకుందామని ఆయన వైపు తిరిగారు. ఆయన నవ్వడం మొదలే పెట్టలేదు. అది గాంభీర్యమనుకుని ఇంకా రెచ్చిపోయారు.

“ఈ రచయిత ఇక రిటైరై మొక్కలకి నీళ్లు పోసుకోవడం మేలు సార్, ఏమంటారు?”

“మొక్కలు... మొక్కలన్నీ ఎండిపోయాయి” అన్నారు పెద్దసారు నీరసంగా.

“ఆహా! ఎంత లోతైన మాట! రాసుకోండయ్యా!”

కొత్తమ్మకి ఒళ్లు మండింది. “ఇందులో తప్పేముందో ఒక్కరైనా చెప్పండి. చిన్న పనే, ఒప్పుకుంటాను. కానీ ఎంత శుభ్రంగా ఉందో చూడండి! డాబు లేదు, దాపరికం లేదు. ఎక్కడ పని చెయ్యదో కూడా తనే చెప్పుకున్నారు. ఎవరు రాశారో గానీ, రాస్తూ సంతోషపడ్డ మనిషని తెలిసిపోతోంది. దీన్ని తీసుకోవాలి.”

పెద్దసారు తలెత్తి ఆవిడని చూశారు. నీళ్లలో మునుగుతున్నవాడు ఒడ్డుని చూసినట్టు చూశారు. కానీ అధ్యక్షులకి ఓటు లేదు.

ఓట్లు వేశారు. కొత్తమ్మ తప్ప అందరూ కాదన్నారు. పరిశీలకురాలి వేళ్లు మళ్లీ టకటకలాడాయి.

చివరికి గంతలు విప్పే వేళయింది. కార్యదర్శి పేర్లు గట్టిగా చదివాడు. బహుమతి పేపరు రాసింది, ఏదో ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే ఆయన. డిగ్రీ తర్వాత చదువుకోలేదు, ఇంతకు ముందు ఒక్క పేపరూ రాయలేదు. తిరస్కరించిన పేపరు రాసింది... కార్యదర్శి గొంతు అక్కడే ఆగిపోయింది. తెర చూసినవాళ్ల గొంతులూ ఆగిపోయాయి. గడ్డం ప్రొఫెసరు గడ్డం మాత్రం కాసేపు కదిలింది.

“మేడం గారూ, ఒక చిన్న సవరణ...” అన్నాడు కార్యదర్శి పరిశీలకురాలితో.

“పంపేశాను” అందావిడ, కంప్యూటరు మూసేస్తూ.

అప్పుడు లేచారు పెద్దసారు! అధ్యక్షులంటే ఊరికే అవుతారా? కన్నీళ్లు దిగమింగి, రెండు చేతులూ పైకెత్తి, “ఇదే! ఇదే నేను కోరుకున్నది! సొంత గురువు పేపరైనా సరే కొట్టిపారేసే ధైర్యం! అనామకుడికి పట్టం! కొత్త నీరు వచ్చేసింది!” అన్నారు. గది చప్పట్లతో దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా గడ్డం ప్రొఫెసరు కొట్టాడు, ప్రాణభయంతో.

మహాసభ రోజుకి సంగతి ఊరూ వాడా పాకింది. తన పేపరే తిరస్కారానికి గురైందని పెద్దసారు దగ్గరుండి చాటించారు. పత్రికలు ఆయన్ని నిష్పక్షపాతానికి నిలువుటద్దమన్నాయి. ఆసుపత్రి ఆయన బిగుతు కోటులో వచ్చి, ఎవరు ఎందుకు కౌగిలించుకుంటున్నారో తెలియక, అందరికీ దండాలు పెడుతూ బహుమతి పుచ్చుకున్నాడు. పై సంస్థ వాళ్లు, మిగతా సభలన్నీ ఈ కమిటీని చూసి నేర్చుకోవాలన్నారు. చివర్లో, “ఈ విప్లవంలో పాలుపంచుకున్న కొత్త స్వరం!” అని కొత్తమ్మని మైకు దగ్గరికి పిలిచారు. మొదటి వరసలో భర్త, అత్తగారు కూర్చుని ఉన్నారు.

కొత్తమ్మకి అబద్ధం చెప్పడం రాదు. వస్తే ఈపాటికి పేపర్లు అచ్చయ్యుండేవి.

“బహుమతి పేపరుకి నేను ఓటు వెయ్యలేదండీ” అంది. “ఆలోచన చాలా మంచిది, కానీ పరీక్షలో పొరపాటుంది. సరిచేశాక ఇద్దామన్నాను. కాదన్నవాటిలో చిన్న యంత్రం పేపరు నాకు బాగా నచ్చింది. అది తీసుకోవాలన్నాను.”

సభ భగ్గుమంది. చిన్న యంత్రం పేపరు ఎవరిదో పొద్దున పత్రికల్లో చదవనివాళ్లు లేరు.

“ఓహో, అధ్యక్షుల వారి భజనపరురాలా!”

“కొత్తవాళ్లకి అడ్డుపడింది ఈవిడేనా!”

“ఇలాంటివాళ్ల వల్లే కదండీ మార్పు రాకుండా పోయింది!”

ఆ చివరి మాట అన్నది గడ్డం ప్రొఫెసరు. అని, బాధగా తల కూడా ఊపాడు.

“ఏమంటున్నార్రా దాన్ని?” అంది అత్తగారు కొడుకుతో.

“నిజం చెప్పిందని తిడుతున్నారమ్మా.”

“ఆఁ? అయితే రోగం ముదిరిందన్నమాట!” అని అత్తగారు గట్టిగానే అనేసింది. చెముడు ఉన్నవాళ్లకి తమ గొంతు ఎంత దూరం పోతుందో తెలీదు కదా!

పెద్దసారు మైకు అందుకుని సభని శాంతపరిచారు. “తొందరపడకండి. మన కమిటీ నిలవ నీరు కాదు. ఏటా మార్పు తప్పదన్నాం, మాట నిలబెట్టుకుంటాం. ఈ ఏడాది నియమం ప్రకారం పదవి నుంచి తప్పుకుంటున్న పాత సభ్యురాలు...” అని ఆగి, కొత్తమ్మ వైపు చూడకుండా, “కొత్తమ్మ గారు!” అన్నారు. “ఆవిడ స్థానంలో మన బహుమతి గ్రహీత చేరతారు. మిగతా సభ్యులంతా వైవిధ్య పరిరక్షణ నిమిత్తం యథాతథంగా కొనసాగుతారు.”

ఆ చప్పట్లకి హాలు కప్పు లేచిపోతుందేమో అనిపించింది.

కొత్తమ్మ వరండాలోకి వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది. నవ్వొచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. “నీ నోరు మూయిస్తారన్నాను. తప్పయింది. మూయించలేకపోయారు, అందుకే పంపేశారు” అన్నాడు.

ఇంతలో ఆసుపత్రి ఆయన బహుమతిని చంకలో ఇరికించుకుని ఆయాసపడుతూ వచ్చాడు. “మేడం గారూ, మీరు చెప్పిన తప్పు నిజమేనండి. పంపేశాక నాకే అనుమానం వచ్చింది. ఎవరైనా అడుగుతారేమోనని భయపడుతూ కూర్చున్నా. ఒక్కరూ అడగలేదు, అందరూ కౌగిలించుకుంటున్నారు! రేపు దీన్ని నమ్మి ఏ రోగినైనా వెనక్కి నెడితే ఆ పాపం నాదే కదండీ. ఎలా సరిచెయ్యాలో కాస్త చెబుతారా?”

“కూర్చోండి” అంది కొత్తమ్మ. కళ్లు తుడుచుకుని, ఆయన కాగితాలు అందుకుని, మొదటి పేజీ తిప్పింది.

వెనకాల ఎవరో గొంతు సవరించుకున్నారు. పెద్దసారు! అటూ ఇటూ చూసి, కోటు లోపలి జేబులోంచి మడత పెట్టిన పేపరు బయటికి తీశారు.

“అమ్మా, అది... ఎవరో రాసిన ఆ చిన్న యంత్రం పేపరు... నిజంగానే బాగుందా?”

“మీరు రాసిందే కదా సార్?”

“ష్! గట్టిగా అనకండి. నాకు ఇన్నేళ్లుగా బాగుందనేవాళ్లే గానీ, ఎక్కడ బాగుందో చెప్పినవాళ్లు లేరు. ఎక్కడ బాగోలేదో కూడా చెప్పండి. ఇప్పుడే, ఎవరూ రాకముందే.”

కొత్తమ్మ తల తిప్పకుండా, పెన్నుతో మెట్టు చూపించింది.

“ముందు ఈయనొచ్చారు సార్. మీరు ఈయన వెనక.”

పెద్దసారు మారుమాటాడకుండా వెళ్లి వెనక మెట్టు మీద కూర్చున్నారు. కూర్చుని ఎందుకో తల తిప్పి చూస్తే, కాగితాల కట్ట గుండెకి హత్తుకుని, హాలు తలుపు సందులోంచి గడ్డం ప్రొఫెసరు పిల్లిలా బయటికొస్తున్నాడు.